సన్నాయి ఇంటి సాక్సఫోన్

పక్క ఫ్లాట్ ఆవిడ రెండోసారి వచ్చి తలుపు కొట్టాక నేను చేసిన పని, ఒక పెద్ద తువ్వాలు తెచ్చి సాక్సఫోన్ మూతిలో కుక్కడం. చప్పుడంతా ఆ వెడల్పాటి మూతిలోంచే కదా వచ్చేది, అక్కడ అడ్డం పెడితే తగ్గుతుందనుకున్నాను. ఊది చూస్తే ఏమీ తగ్గలేదు. అట్టడుగు స్వరాలు రెండు మూడు మాత్రం జలుబు చేసినట్టు మూగబోయాయి. మిగతావన్నీ ఎప్పట్లాగే నల్లగండ్ల మొత్తానికీ వినిపించాయి.

మర్నాడు మాస్టర్‌కి ఈ సంగతి చెప్తే పడీ పడీ నవ్వాడు. "సన్నాయి మూతికి గుడ్డ కట్టి వాయించినోడు ఉన్నడా సార్ ఎక్కడన్న?" అన్నాడు. ఆయన లింగంపల్లిలో, స్టేషన్‌కి ఇవతల ఒక సందులో, పెళ్ళిళ్ళకి బ్యాండు కుదిర్చే చిన్న గదిలో కూర్చుంటాడు. నేను ఆయన దగ్గర శని, ఆదివారాలు నేర్చుకుంటాను. నేర్పే ఆయన నన్ను సార్ అంటాడు, నేర్చుకునే నేను ఆయన్ని మాస్టర్ అంటాను. మా ఇద్దరిలో ఎవరికీ ఇది వింతగా అనిపించదు. అనిపించాలేమో.

సాక్సఫోన్ గురించి మాట్లాడుతుంటే ఆయన సన్నాయిని ఎందుకు తెచ్చాడో ఆ రోజు నాకు అర్థం కాలేదు. నా దృష్టిలో అది జాజ్ వాద్యం, లేదంటే 'డ్యూయెట్' సినిమా వాద్యం. సన్నాయి గుడిది, పెళ్ళి మండపానిది. ఆ రెంటికీ చుట్టరికం ఉందని తెలుసుకోడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

ముందు తువ్వాలు సంగతి. మౌత్‌పీస్‌కి పల్చగా చెక్కిన రెల్లు బద్ద ఒకటి బిగించి ఉంటుంది. ఇంగ్లీషులో రీడ్ అంటారు, సన్నాయి వాళ్ళ భాషలో పీక. ఊదగానే ఆ బద్ద సెకనుకి కొన్ని వందల సార్లు మూసుకుని తెరుచుకుంటూ గాలిని విడతలు విడతలుగా గొట్టంలోకి వదులుతుంది. గొట్టంలో ఉన్న గాలి తన పొడవుకి తగ్గ శ్రుతిలో ఊగుతుంది, బద్ద కూడా ఆ ఊపుకే లొంగుతుంది. గొట్టం వెంబడి ఇరవైకి పైగా రంధ్రాలుంటాయి. వాటి మీద తోలు ప్యాడ్లు అతికించిన మూతలు, ఆ మూతల్ని కదిపే కడ్డీలు, స్ప్రింగులు. ఒక మూత తెరిస్తే గాలి లెక్కలో గొట్టం దాదాపు అక్కడితో ఆగిపోయినట్టే. శబ్దమూ ఆ రంధ్రంలోంచీ, దాని కింద తెరిచి ఉన్న వాటిలోంచీ బయటపడుతుంది. అన్నీ మూసేసి అట్టడుగు స్వరం ఊదినప్పుడు మాత్రమే మొత్తం శబ్దం మూతిదాకా వెళ్తుంది. నా తువ్వాలు ఆ కాసిని స్వరాలనే పట్టుకోగలిగింది.

ఒళ్ళంతా ఇత్తడే అయినా సాక్సఫోన్‌ని పాశ్చాత్యులు ట్రంపెట్ పక్కన కూర్చోబెట్టరు, ఉడ్‌విండ్ అనే చెక్క వాద్యాల వరసలో పెడతారు. ఆ రెల్లు బద్ద వల్ల. ఇంటర్‌వ్యూలో అడిగే ట్రిక్ ప్రశ్నలా ఉంటుంది గానీ నిజం.

నాకు అసలు విషయం తెలిసింది క్లారినెట్‌తో పోల్చి చూసినప్పుడు. క్లారినెట్‌కీ ఒంటి రెల్లు బద్దే. కానీ దాని గొట్టం చాలా మటుకు పై నుంచి కిందిదాకా ఒకే లావు. ఒక వైపు మూసి ఉండి, లావు మారని గొట్టానికి ఒక చిక్కు ఉంది. అదే వేళ్ళ అమరికతో ఊపిరి ఒత్తిడి పెంచి పై స్వరానికి దూకితే స నుంచి పై స రాదు, ఏకంగా పై స్థాయి ప వస్తుంది. అందుకని క్లారినెట్ మీద కింది స్థాయికి ఒక వేళ్ళ లెక్క, పై స్థాయికి ఇంకో లెక్క నేర్చుకోవాలి. సాక్సఫోన్ గొట్టం అలా కాదు. మౌత్‌పీస్ దగ్గర వేలంత సన్నగా మొదలై, మూతి దాకా గరాటులా వెడల్పవుతూ పోతుంది. గరాటు గొట్టంలో ఊపిరి పెంచితే స కి సరిగ్గా పై స వస్తుంది. కాబట్టి రెండు స్థాయిలకీ వేళ్ళు ఒకటే. ఎడమ బొటనవేలి దగ్గరున్న ఆక్టేవ్ మీట నొక్కితే పైన ఒక చిన్న రంధ్రం తెరుచుకుని కింది స్థాయిని నిలవనివ్వదు, స్వరం పై అంతస్తుకి వెళ్ళిపోతుంది.

ఇందులో నాకు భలే నచ్చిన మెలిక ఒకటుంది. గరాటు కొన కోసేస్తే గానీ మౌత్‌పీస్ తగిలించలేం. కోసేసిన ఆ కొనలో ఎంత చోటుండేదో, దాదాపు అంత చోటు మౌత్‌పీస్ లోపల ఉండాలి. లేకపోతే కింది స, పై స ఒకదానితో ఒకటి కలవవు. లేని కొన పని ఉన్న మౌత్‌పీస్ చేస్తుందన్నమాట. మొదటి నెలంతా నా శ్రుతి ఎందుకు అంత ఘోరంగా ఉండేదో అప్పుడు తెలిసింది. మౌత్‌పీస్‌ని కార్కు మీద సరిగ్గా లోపలికి తోసేవాణ్ణి కాదు.

ఇప్పుడు సన్నాయిని చూడండి. సన్నాయి అనే మాట మనం చిన్న షెహనాయికీ వాడతాం, పొడుగు నాదస్వరానికీ వాడతాం. రెండూ గరాటులే. పైన సన్నం, కింద వెడల్పు. పీక మాత్రం రెండు పొరలది. ఊపిరి పెంచితే స కి పై స. పీక దగ్గర కోసేసిన కొన లెక్కే ఇక్కడా ఉంది. మాస్టర్ నవ్వుతూ అన్న మాట ధ్వనిశాస్త్రం లెక్కన అక్షరాలా నిజం. గొట్టం ఆకారం బట్టి చూస్తే సాక్సఫోన్ క్లారినెట్ కంటే సన్నాయికే దగ్గర చుట్టం.

ఈ గరాటుని ఇత్తడితో చేసి, దానికి ఒంటి రెల్లు తగిలించినవాడు అడాల్ఫ్ సాక్స్. 1814లో బెల్జియంలోని దినాఁలో పుట్టాడు. తండ్రి కూడా వాద్యాలు చేసేవాడే. చిన్నప్పుడు మేడ మీంచి పడ్డాడు, యాసిడ్ కలిసిన నీళ్ళు తాగాడు, కాలిన గాయాలతో బతికి బయటపడ్డాడు. బతకడేమో అనుకున్న పిల్లాడు ఎనభై ఏళ్ళకి దగ్గరపడేదాకా బతికి, 1894లో పారిస్‌లో పోయాడు. ముందు బాస్ క్లారినెట్‌ని సంస్కరించాడు. 1842లో పారిస్ చేరాడు. ఆ ఏడాదే సంగీతకర్త బెర్లియోజ్ పత్రికలో ఇతని కొత్త వాద్యాన్ని పొగుడుతూ రాశాడు. 1846లో ఫ్రాన్స్‌లో పేటెంట్ వచ్చింది.

ఆ పేటెంట్‌లో ఒక్క సాక్సఫోన్ కాదు, చిన్నా పెద్దా కలిపి రెండు కుటుంబాలు ఉన్నాయి. ఒకటి ఆర్కెస్ట్రా కోసం, ఇంకోటి సైనిక బ్యాండ్ల కోసం. హాలులో కూర్చుని వాయించే కుటుంబం దాదాపు అంతరించింది. ఇవాళ నా చేతిలో ఉన్న ఆల్టో, మాస్టర్ చేతిలో ఉన్న టెనర్, కోల్‌ట్రేన్ వాయించినవి, సినిమాల్లో వినేవి, అన్నీ ఆ రెండో కుటుంబంవే. నడుస్తూ, ఆరుబయట, గుర్రాల డెక్కల చప్పుడు మీదుగా వినిపించడానికి చేసినవి. బిజే లాంటి ఒకరిద్దరు దాన్ని ఆర్కెస్ట్రాలోకి పిలిచారు గానీ, ఆర్కెస్ట్రా దానికి సొంత కుర్చీ వెయ్యలేదు. వీధే దాన్ని బతికించింది.

వీధిలోకి వెళ్ళడం కూడా కొట్లాటతోనే మొదలైంది. 1845 ఏప్రిల్‌లో పారిస్‌లోని షాఁ ద మార్స్ మైదానంలో, వేలమంది జనం ముందు, పాత పద్ధతి సైనిక బ్యాండుకీ సాక్స్ వాద్యాల బ్యాండుకీ పోటీ పెట్టారు. అక్కడ ఎక్కువగా మోగినవి ఆయన పేరుతోనే వచ్చిన సాక్స్‌హార్న్‌లు. జనం సాక్స్ వైపే మొగ్గారు, సైన్యం ఆయన వాద్యాలు తీసుకుంది. మిగతా వాద్యాల తయారీదార్లకి ఒళ్ళు మండింది. పేటెంట్ల మీద ఏళ్ళ తరబడి కోర్టు కేసులు నడిపారు. సాక్స్ 1852లో, 1873లో, 1877లో, మూడుసార్లు దివాళా తీశాడు. స్టార్టప్‌ల మధ్య ఉద్యోగం చేసేవాణ్ణి కాబట్టి ఈ మూడు తేదీలు నాకు ఠక్కున గుర్తుండిపోయాయి.

సైనిక బ్యాండు వాద్యం కాబట్టి మన దేశానికీ అది బ్యాండ్ల దారినే వచ్చింది. లింగంపల్లిలో లోకల్ రైలెక్కి దిగే సికింద్రాబాద్, 1806లో బ్రిటిష్ కంటోన్మెంట్‌గా మొదలైన ఊరు. అలాంటి కంటోన్మెంట్లలో రెజిమెంట్ బ్యాండ్లుండేవి. వాటిని చూసి సంస్థానాధీశులు దర్బారు బ్యాండ్లు పెట్టుకున్నారు. దర్బారు ఊరేగింపుని చూసి పెళ్ళివాళ్ళు బ్యాండు కావాలన్నారు. ఇవాళ్టికీ బరాత్‌లో బ్యాండువాళ్ళు వేసుకునే ఆ ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, తల మీద టోపీ, అన్నీ సిపాయిల దుస్తులే. మా మాస్టర్ గదిలో గోడకి ఆరు కోట్లు వేలాడుతుంటాయి. ఏ సైన్యానివని అడిగితే "పెండ్లి సైన్యం" అంటాడు.

ఇంకో దారి హోటళ్ళది. 1935లో లియోన్ అబీ అనే అమెరికన్ తన నల్లజాతి జాజ్ బృందంతో బొంబాయి తాజ్ హోటల్‌కి వచ్చాడు. ఆ తరహా బృందాల నుంచి నేర్చుకున్న గోవా వాళ్ళు, ఆంగ్లో ఇండియన్లు తర్వాత సినిమా ఆర్కెస్ట్రాల్లోకి వెళ్ళారు. హిందీ పాటల్లో సాక్సఫోన్ అనగానే గుర్తొచ్చే మనోహారి సింగ్ మాత్రం కలకత్తా నేపాలీ. ఆయన మొదలుపెట్టింది బాటా చెప్పుల కంపెనీ బ్యాండులో. తిప్పి తిప్పి చూస్తే ఈ కథ ఎక్కడో ఒకచోట బ్యాండు దగ్గరే తేలుతుంది.

మాస్టర్ వాళ్ళది సంగారెడ్డి అవతల పల్లె. తెలుగునాట సన్నాయి మేళం ఎక్కువగా మంగలి కుటుంబాల వృత్తి. కోస్తాలో దూదేకుల ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా అంతటివాడు ఆ ముస్లిం నాదస్వర పరంపర నుంచి వచ్చినవాడే. మాస్టర్ తాత సన్నాయి, తండ్రి సన్నాయి. తండ్రి నడి వయసులో ఉండగా ఊళ్ళలో పెళ్ళిళ్ళకి బ్యాండు లేకపోతే పరువు తక్కువనే రోజులు వచ్చాయి. ఆయన అప్పుచేసి ఒక పాత సాక్సఫోన్ కొన్నాడు. "పొద్దున లగ్గం కాడ సన్నాయి, రాత్రి బరాత్ కాడ సాక్స్. మనిషి ఒక్కడే, ఊపిరి ఒక్కటే," అన్నాడు మాస్టర్. "పొద్దున మా నాయినకు తాంబూలంల పెట్టి ఇచ్చేటోళ్ళు సార్. రాత్రి అదే ఇంటోళ్ళు రోడ్డు మీద నోటు విసిరేటోళ్ళు. వంగి ఏరుకునుడే."

నేను ఆ మాట దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. ఇప్పటిదాకా గొట్టాలు, రెల్లు బద్దలు, పేటెంట్ల గురించి చదువుతున్నాను. ఒకే ఊపిరికి పగలు మంగళవాద్యమని, రాత్రి బ్యాండని పేరు మారడం వాద్యం ఆకారంతో వచ్చేది కాదు. మన సంగీత చరిత్రలు సభలో మొదలై సభలోనే ముగుస్తాయి. ఊరేగింపు వాటి గుమ్మం దాటి లోపలికి రాదు. వచ్చినా, సభకి అర్హత సంపాదించుకున్న ఒక మనిషి వెనకాలే వస్తుంది.

సాక్సఫోన్ విషయంలో ఆ మనిషి కద్రి గోపాలనాథ్. 1949లో దక్షిణ కన్నడ జిల్లాలో పుట్టాడు. తండ్రి తనియప్ప నాదస్వర విద్వాంసుడు. కొడుకూ మొదట నేర్చుకుంది నాదస్వరమే. చిన్నప్పుడు మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సఫోన్ విని, ఇదే వాయిస్తానని పట్టుబట్టాడు. చూడండి, మళ్ళీ బ్యాండే. మంగళూరులో గోపాలకృష్ణ అయ్యర్ దగ్గర, తర్వాత మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ దగ్గర నేర్చుకున్నాడు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో బీబీసీ ప్రామ్స్‌లో కచేరీ చేశాడు. అదే ఏడు బాలచందర్ 'డ్యూయెట్' వచ్చింది. తెరమీద ప్రభు వేళ్ళు కదిలిస్తుంటే వెనక వినబడిన ఊపిరి గోపాలనాథ్‌ది. 2004లో పద్మశ్రీ, 2019 అక్టోబర్‌లో మరణం.

ఆయన ఎదుర్కొన్న కష్టం ఏంటో మూతలున్న వాద్యం పట్టుకుంటే గానీ తెలీదు. వయొలిన్‌ని బాలుస్వామి దీక్షితర్ కాలంలోనే మనం సొంతం చేసుకున్నాం. దాని మీద మెట్లు లేవు, వేలు ఎక్కడికి జారిస్తే స్వరం అక్కడికి జారుతుంది. మాండొలిన్‌కి మెట్లున్నాయి, అయినా తీగని లాగొచ్చు. పాలకొల్లు శ్రీనివాస్ ఆ పనే లోకం నివ్వెరపోయేలా చేశాడు. నాదస్వరంలో వేలు నేరుగా రంధ్రం మీద ఉంటుంది. సగం తెరవొచ్చు, పావు తెరవొచ్చు, మిగతాది ఊపిరి చూసుకుంటుంది. సాక్సఫోన్‌లో వేలికీ రంధ్రానికీ మధ్య మీట, కడ్డీ, స్ప్రింగు, మూత, ప్యాడు. వేలికి గాలి తగలదు. స్వరం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అలాంటి దాని మీద తోడి గాంధారాన్ని ఎలా ఊపుతారు?

పెదవులతో, దవడతో, గొంతుతో. కింది పెదవి ఒత్తిడి కాస్త వదిలితే స్వరం కిందికి వాలుతుంది. పైకి లాగడం కష్టం, కిందికి వదలడం సులువు. అందుకని పై స్వరం వేళ్ళు పెట్టి పెదవితో కిందికి దించి, మళ్ళీ దాని చోటికి వదలాలి. గమకాన్ని పైనుంచి దిగుతూ పట్టుకోవాలన్నమాట. మూతని నెమ్మదిగా, సగం సగంగా మూయడం ఇంకో ఉపాయం. నేను ఇది మాయామాళవగౌళ రిషభం మీద మూడు నెలల నుంచి చేస్తున్నాను. మా పక్క ఫ్లాట్ ఆవిడ ఈ మధ్య ఫిర్యాదు చెయ్యడం మానేసి జాలిగా చూస్తోంది.

గోపాలనాథ్ కచేరీల్లో దశాబ్దాల పాటు పక్కన వయొలిన్ పట్టుకుని కూర్చున్నది మన కన్యాకుమారి. విజయనగరంలో పుట్టిన మనిషి. పాడే గొంతుకి పక్కవాద్యం వాయించడం వేరు. నిమిషానికోసారి ఊపిరి పీల్చుకునే ఇత్తడి గొట్టానికి, అంత గట్టి ధ్వనికి, వెనకాల నీడలా ఉండి అదే వాక్యం తిరిగి చెప్పడం వేరు. వయొలిన్ ఒకప్పుడు పొందిన పౌరసత్వాన్ని సాక్సఫోన్‌కి ఇప్పించడానికి వయొలినే వచ్చి సాక్ష్యం చెప్పినట్టుంటుంది నాకు, ఆ రికార్డింగులు వింటుంటే. 2016లో ఆమెకి సంగీత కళానిధి ఇచ్చినప్పుడు ఆ సాక్ష్యం కూడా లెక్కలోకి వచ్చిందనే అనుకుంటాను. ఇద్దరూ కలిసి 2008లో అమెరికన్ సాక్సఫోన్ వాద్యకారుడు రుద్రేశ్ మహంతప్పతో 'కిన్స్‌మెన్' అనే ఆల్బమ్ చేశారు. కన్నడ తల్లిదండ్రులకి పుట్టి కొలరాడోలో పెరిగిన ఈ రుద్రేశ్‌కి, చదువుకునే రోజుల్లో అన్న ఆటపట్టించడానికి గోపాలనాథ్ రికార్డు ఒకటి ఇచ్చాడట. వేళాకోళానికి ఇచ్చింది ఆల్బమ్ దాకా తీసుకెళ్ళింది.

మొన్న ఒక ఆదివారం మాస్టర్ నా వాద్యం బాగుచేస్తున్నాడు. గదిలో లైటు ఆర్పి, గొట్టంలోకి తీగకి కట్టిన చిన్న బల్బు వదిలి, మూతలన్నీ మూశాడు. ఒక ప్యాడు అంచున సన్నగా వెలుతురు కారుతోంది. "ఇగో, నీ గాలి ఈడికెళ్ళి పోతుంది," అన్నాడు. మొదటిసారి సార్ అనలేదు, పనిలో పడి మర్చిపోయాడు. ఆయన ప్యాడు వేడి చేసి సర్దుతుంటే నేను ఫోన్లో గోపాలనాథ్ కచేరీ పెట్టాను. వాయించేది ఎవరో, ఏ ఊరో చెప్పలేదు. కల్యాణి ఆలాపన.

మాస్టర్ పని ఆపి విన్నాడు. రెండు నిమిషాలయ్యాక అడిగాడు: "ఈయన నాయిన సన్నాయి వాయించేటోడా?"

అవునన్నాను. ఎలా తెలిసిందని అడిగాను. "ఊపిరి ఎక్కడ ఇరుస్తుండో విను. సాక్స్ నేర్సుకున్నోడు అక్కడ ఇరువడు," అన్నాడు. ఏ చోటో నాకు ఇప్పటికీ పట్టుబడలేదు. ఇంకోసారి పెట్టమన్నాడు, పెట్టాను. వింటూ బల్ల మీద వేళ్ళు ఆడించాడు. రెండు చేతుల వేళ్ళూ చాచి, పక్కపక్కనే, ఏడు రంధ్రాల మీద పెట్టినట్టు. తర్వాత బల్బు మళ్ళీ గొట్టంలోకి వదిలాడు. ఈసారి వెలుతురు రాలేదు.